పాత మాటకి కథ రాదు

ఫీనిక్స్ బే జెట్టీలో ఒకసారి ఓ మొసలి టికెట్ల క్యూలో నిలబడింది. ముందున్నవాళ్ళు ఎవరూ వెనక్కి తిరగలేదు కాబట్టి గొడవేమీ జరగలేదు. కౌంటర్ దాకా వచ్చాక లోపలి గుమాస్తా తల ఎత్తకుండానే "ఐడీ కార్డు?" అన్నాడు. దాని దగ్గర లేదు. పాపం, తిరిగి నీళ్ళలోకి దిగిపోయింది.

ఈ కథ విన్నప్పుడల్లా నా భార్య దయావతి "నరం లేని నాలిక, ఎటు తిప్పితే అటు తిరుగుద్ది" అంటుంది. నిజమే. నా పేరు టైటస్. పేరు బైబిల్లోది, చదువు సోంపేట పక్కన పల్లెబడిది, తిండి పెట్టింది మాత్రం ఈ అండమాన్ సముద్రం. దీవులకి తిరిగే బోట్ల మీద సరంగుగా చేశాను. అంటే డెక్ మీద తాళ్ళూ మనుషులూ నా మాట వినాలి. తాళ్ళు వినేవి. ఇప్పుడు రిటైరై షాదీపూర్‌లో ఉంటున్నాను. నాకు మిగిలిన ఉద్యోగాలు రెండే. సాయంత్రాలు చర్చి అరుగు మీద కూర్చోవడం, ఏటా కోత పండుగనాడు వేలంపాట పాడడం.

మా తెలుగు చర్చిలో కోత పండుగంటే, ఎవరి ఇంట పండింది వాళ్ళు తెచ్చి వేదిక ముందు పెడతారు. గుమ్మడికాయలు, కొబ్బరి గెలలు, కోళ్ళు, ఒకోసారి మేకపిల్ల కూడా. ఆరాధన అయ్యాక వాటిని ఆవరణలో వేలం వేస్తాం. వచ్చింది చర్చికి పోతుంది. మామూలు సొరకాయను పట్టుకుని, ఇది తిన్నవాడు నూరేళ్ళు బతికాడని చెప్పి అమ్మేది నేనే. ఆ పని ఇంకొకడికి చేతకాదు. ప్రయత్నించినవాళ్ళు ఉన్నారు, సొరకాయ వాళ్ళింటికే తిరిగి వెళ్ళింది.

నేను చెప్పబోయేది మాత్రం నా మనవరాలు లవీనా నడిపే ఇంగ్లీషు క్లాసు గురించి.

లవీనా ఇక్కడి కాలేజీలోనే ఇంగ్లీషు బీఏ చదివింది. మొదటి సంవత్సరం పుస్తకం తెరిచిన రోజు ఇంటికొచ్చి ఏడ్చింది. ప్రతి లైనులోనూ మొహం తెలియని మాటలే అంది. మా దీవి పిల్లలకి ఇంట్లో తెలుగు, వీధిలో హిందీ, పక్కింట్లో బెంగాలీ వచ్చు. ఇంగ్లీషుకి వచ్చేసరికి మాత్రం గుడ్, బ్యాడ్, నైస్, వెరీ నైస్. నాలుగు మాటలతో సంసారం. ఆ నాలుగూ చేత పట్టుకుని మెయిన్‌ల్యాండ్ కాలేజీలకి వెళ్ళి వెనక బెంచీలో నోరు మూసుకుని కూర్చుంటారు. తన వెనక వచ్చేవాళ్ళకి ఆ గతి పట్టకూడదు అనుకుంది. చర్చి వెనక హాల్లో సాయంత్రాలు తొమ్మిది, పది, ఇంటర్ పిల్లలకి పెద్ద మాటలు నేర్పడం మొదలుపెట్టింది. ఫీజు లేదు. చర్చి పిల్లలే రావాలని కూడా లేదు.

కష్టమల్లా ఎక్కడొచ్చిందంటే, మా పిల్లలకి కంఠతా పట్టడానికి ఒక్కటే పద్ధతి తెలుసు. సండే స్కూల్లో వాక్యం అప్పజెప్పే పద్ధతి. చేతులు కట్టుకోవాలి, కళ్ళు మూసుకోవాలి, వాక్యం రాగంగా చెప్పాలి, అధ్యాయం చెప్పాలి, ముగించాలి. లవీనా ఇచ్చిన మాటల్ని కూడా వాళ్ళు అలాగే పట్టారు.

అది బయటపడ్డ రోజు నేను అరుగు మీదే ఉన్నాను. చర్చి కమిటీ సెక్రటరీ దేవకుమార్ లోపలికి వెళ్ళాడు. కాంట్రాక్టరు, మనిషి మంచివాడు, వాళ్ళ నాన్నా నేనూ ఒకే ఓడలో ఈ దీవికి వచ్చాం. అందుకని నన్ను బాబాయ్ అంటాడు. హాలు తాళం ఎప్పుడూ అతని జేబులోనే ఉంటుంది.

"ఏమ్మా, ఏం నేర్చుకున్నారు? ఒకళ్ళు లేచి చెప్పండి. మెటిక్యులస్ అంటే ఏటి?" అని అడిగాడు, బోర్డు మీదున్న మాట చూసి.

ఏంజెలీనా లేచింది. పదో తరగతి, క్లాసులో అందరికంటే చురుకు. చేతులు కట్టుకుంది, కళ్ళు మూసుకుంది.

"మెటిక్యులస్ అనగా మిక్కిలి జాగ్రత్తతో చేయువాడు. పుట నూట పన్నెండు. ఆమేన్."

"ఆమేన్!" అంది క్లాసంతా. అందరికంటే గట్టిగా అన్నది గోపీచంద్. వాళ్ళది అసలు చర్చి కుటుంబం కాదు, బజారులో కిరాణా కొట్టు. వాడు ఆ ఆమేన్ కోసమే క్లాసుకి వస్తాడని నా అనుమానం.

దేవకుమార్ నవ్వు ఆపుకున్నాడు. "బాగుంది. ఆ మాట పెట్టి ఒక వాక్యం చెప్పు తల్లీ."

ఏంజెలీనా కళ్ళు తెరిచింది. మళ్ళీ మూసుకుంది. ఈసారి లోపల ఏమీ కనిపించలేదు కాబోలు, కూర్చుండిపోయింది.

బయటికొచ్చాక అతను లవీనాతో నెమ్మదిగానే అన్నాడు. "అమ్మా, ఇది ఇంగ్లీషు క్లాసా, సండే స్కూలా? టౌన్లోంచి స్పోకెన్ ఇంగ్లీషు సెంటర్ వాళ్ళు ఈ హాల్ అడుగుతన్నారు. ఏసీ పెడతారంట, కుర్చీలు మారుస్తారంట. కమిటీలో అందరూ హా అనీసారు. నేనే ఆపుతున్నాను."

"వాళ్ళ ఫీజు మా పిల్లలు కట్టలేరు పెదనాన్నా."

"అది నాకూ తెలుసు. కానీ కమిటీకి ఏదో ఒకటి చూపించాల కదా? కోత పండుగ దాకా ఆపుతాను. ఆ రోజు జనం అందరి ముందూ ఈ గుంటలకి మాటలు వచ్చో రావో చూద్దాం. వస్తే హాలు నీది. రాకపోతే తాళం వాళ్ళకి ఇచ్చీక తప్పదు. నన్ను మళ్ళీ అడక్కు."

లవీనా ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చుని తినలేదు. దయావతి రెండుసార్లు చేపల పులుసు వేడి చేసింది. మూడోసారి నేను తినేశాను.

మర్నాడు సాయంత్రం వాన. షాదీపూర్ వాన ఎలా ఉంటుందంటే, హాలు రేకుల మీద పడుతుంటే పక్కవాడి మాట కూడా ఉత్తరం రాసి కనుక్కోవాలి. గొడుగు తీసుకుని లవీనా కోసం వెళ్ళాను. కరెంటు పోయింది. పిల్లలు దిగాలుగా కూర్చున్నారు. మా పిల్ల బోర్డు వైపు తిరిగి ఉంది, కళ్ళు తుడుచుకుంటోందని వీపు చూస్తేనే తెలిసింది. వాన కాస్త తగ్గాక మొదలుపెట్టాను.

"ఇదేం వానరా! నేను రంగత్ బోటు మీద ఉన్నప్పుడు పడింది, అదీ వానంటే. చినుక్కీ చినుక్కీ మధ్య సందు లేదు. చేపలకి సముద్రం ఎక్కడ అయిపోయిందో తెలీక వానలోకి ఈదుకుంటూ ఎక్కీసాయి. మేం డెక్ మీద నిలబడి తల మీదకి వల పట్టుకున్నాం. ఆ పైన ఏటయిందంటే..."

"ఝూట్ తాతా!" అని అరిచాడు గోపీచంద్.

"ఝూట్ అంటే నాకు పౌరుషం రాదురా. పుట్టిన కాడ్నించీ వింటన్నాను. ఇంగ్లీషు క్లాసుకి వచ్చి హిందీలో తిడతావేటి? ఇంగ్లీషులో తిట్టు, మిగతా కథ చెప్తాను."

"లై!"

"ప్రతి బోటు మాస్టరూ నన్ను అదే అన్నాడు. పాత మాట. పాత మాటకి కథ రాదు."

పుస్తకాలు తెరుచుకున్న చప్పుడు వాన చప్పుడుని మించిపోయింది. ఫోన్ల లైట్లు వేసుకుని మరీ వెతికారు. ఒకడు ఏదో అన్నాడు, దానికి అర్థం చెప్పలేకపోయాడు, నేను ఒప్పుకోలేదు. చివరికి ఏంజెలీనా లేచింది.

"ఇంప్లాజిబుల్!"

"అంటే?"

"నమ్మబుద్ధి కాదు అని."

"నేను చెప్పిందాంట్లో ఏది నమ్మబుద్ధి కాలేదు నీకు?"

ఏంజెలీనా ముందు గడగడా ఇంగ్లీషులో ఏదో చెప్పింది. తర్వాత నా మొహం చూసి జాలిపడి తెలుగులోకి దిగింది. "చేపలు వానలోకి ఈదడం ఇంప్లాజిబుల్ తాతా. తల మీద వల పట్టుకోవడం మాత్రం నువ్వు చేసే ఉంటావు."

పిల్లలు పడి పడి నవ్వారు. ఏంజెలీనా చేతులు కట్టుకోలేదు. కళ్ళు బార్లా తెరిచే ఉన్నాయి. ఆమేన్ కూడా అనలేదు. ఆ సంగతి నేను గమనించలేదు, లవీనా గమనించింది. బోర్డు దగ్గర్నుంచి ఇటు తిరిగి, "తాతా, రేపు కూడా వస్తావా?" అని అడిగింది.

రేపేమిటి, కోత పండుగ దాకా రోజూ వెళ్ళాను. కాయిదా లవీనాయే పెట్టింది. తాత కథ చెబుతాడు, మధ్యలో ఆపుతాడు. అంతవరకూ ఎవరూ వాడని ఇంగ్లీషు మాట ఒకటి తెచ్చి, అది కథలో ఎక్కడ సరిపోతుందో చూపిస్తే కథ ముందుకు కదులుతుంది. తేకపోతే బోటు నడిసముద్రంలోనే ఉంటుంది. పిల్లలు ఇళ్ళ దగ్గర అన్నాలు మానేసి మాటలు వెతకడం మొదలుపెట్టారు. తిట్లే కాదు, పొగడ్తలు కూడా తెచ్చేవారు. నేను తుఫానులో దూకి తాడు పట్టుకున్నానంటే ఇంట్రెపిడ్, అంటే జంకు లేనివాడు, అన్నారు. దూకింది గట్టు మీద నుంచి గట్టు మీదకే అని దయావతి వాళ్ళకి చెప్పేసిన రోజు, ఆ మాటను వెనక్కి తీసుకున్నారు కూడా.

ఒకరోజు మా ఇంటి వసారాలోనే క్లాసు. నికోబార్ వైపు దొరికే కొబ్బరి పీత కథ చెబుతున్నాను. ఆ పీత మా బోటు లంగరు తాడు పుటుక్కున కోసేసిందని, పొద్దున లేచేసరికి మేం వేరే దీవిలో ఉన్నామని చెప్పాను.

"ఫ్యాబ్రికేషన్!" అన్నాడు గోపీచంద్ కాలరెగరేసి.

"అంటే ఏటిరా?"

"లేనిదాన్ని పుట్టించి చెప్పడం."

నిజంగానే కోపం వచ్చింది. "లేనిదేటిరా? పీత ఉంది. తాడు ఉంది. పీత తాడు మీద ఎక్కి కూర్చోడం నా కళ్ళతో చూశాను. కోసిందన్నది మాత్రం నేను కలిపాను. సరిపోని మాటతో తిట్టావు, చెల్లదు. బోటు కదల్దు."

"అయితే ఎగ్జాగరేషన్."

"అది మంగళవారమే వాడీసారు."

పిల్లలు తలలు పట్టుకున్నారు. లవీనా దారి చూపించింది. "ఉన్న మనిషికే నగలు పెట్టి ముస్తాబు చేశాడు తాత. దానికో మాట ఉంది, ఈ-ఎమ్ అక్షరాల్లో చూడండి."

"ఎంబెలిష్‌మెంట్!" ఇద్దరు ముగ్గురు ఒక్కసారే అరిచారు.

"అదీ మాటంటే!" అన్నాను. "మా ఆవిడకి పెట్టలేకపోయిన నగలన్నీ నా కథలకి పెట్టాను."

"అవి కూడా గిల్టువే," అంది దయావతి వంటింటి కిటికీలోంచి.

పండుగ దగ్గరపడేకొద్దీ లవీనాకి మళ్ళీ నిద్ర కరువైంది. "పిల్లలకి మాటలు వచ్చాయి తాతా. కానీ నీ కథల్లోనే వచ్చాయి. పెదనాన్న పుస్తకం తీసి అడిగితే?"

"కథ లేని చోటు ఎక్కడుందే ఈ లోకంలో?" అన్నాను. అని, నాకూ కొంచెం భయం వేసింది. సొరకాయ అమ్ముడుపోకపోతే కూర వండుకోవచ్చు. హాలు పోతే ఈ పిల్లలు ఎక్కడ కూర్చుంటారు? మా వసారాలో పట్టేది సగం మందే.

కోత పండుగనాడు ఆరాధన అయ్యాక ఆవరణలో షామియానా కింద జనం కూడారు. బల్ల మీద పంటలు, బల్ల వెనక నేను, నా పక్కన పిల్లలు వరసగా. నేను వేలానికి కథ చెబుతాను, పిల్లలు మాట తగిలిస్తారు, జనానికి అర్థం చెబుతారు. ఇదీ లవీనా ఏర్పాటు. దేవకుమార్ కమిటీ వాళ్ళతో ముందు వరసలో కూర్చున్నాడు. లవీనా షామియానా గుంజ పట్టుకుని నిలబడింది. గుంజే ఆమెని పట్టుకుని నిలబడిందేమో, నాకు తెలీదు.

మొదట గుమ్మడికాయ ఎత్తాను. ఎత్తలేక ఎత్తాను. "దీన్ని వండూర్ నుంచి బస్సులో తెస్తుంటే కండక్టర్ దీనికి రెండు సీట్లిచ్చి, ముసలావిణ్ణి నిలబెట్టీసాడు!"

"కొలాసల్!" అన్నాడు గోపీచంద్. "అంటే మరీ పే...ద్దది. మా నాన్న కొట్లో తక్కెడకి కూడా లొంగనిది." జనం నవ్వారు. పాట ఎగిరింది.

తర్వాత కోడిపుంజు. "ఇది కూస్తే ఫీనిక్స్ బేలో బోట్లు హారన్ అనుకుని బయల్దేరిపోతున్నాయి!" అన్నాను. సుమ వంతు. తొమ్మిదో తరగతి, సన్నటి పిల్ల. అంత జనాన్ని చూసేసరికి ఆమెకి చేతులు వాటంతట అవే కట్టుకున్నాయి, కళ్ళు మూసుకుపోయాయి.

"వొసిఫెరస్ అనగా బిగ్గరగా అరచువాడు. ఆమేన్."

"ఆమేన్," అంది జనమంతా, అలవాటు కొద్దీ. పాస్టరుగారు కూడా.

పిల్లలు నవ్వలేదు. దేవకుమార్ కమిటీ వాళ్ళవైపు చూశాడు. కమిటీలో ఒకాయన అతని చెవిలో ఏదో అన్నాడు. అది నాకు వినపడలేదు గాని, ఏసీ అన్న మాట మాత్రం పెదాల మీద చదివాను.

దేవకుమార్ లేచాడు. "బాబాయ్, ఒక్క నిమిషం. నువ్వు చెప్పించింది కాదు, నేను అడిగింది చెప్పాల. ఏంజెలీనా, ఇలా రామ్మా. ఆ రోజు అడిగిందే. మెటిక్యులస్. వాక్యంలో పెట్టు."

ఏంజెలీనా ముందుకొచ్చింది. చేతులు రెండూ పక్కనే వేలాడుతున్నాయి. ముందు ఇంగ్లీషులో చెప్పింది, వెంటనే తెలుగులో. "ఆరాధన అయ్యాక ప్రతి కుర్చీ సరిచేసి, ఫ్యాన్లన్నీ ఆపి, తాళం వేశాక కూడా రెండుసార్లు లాగి చూసే మా దేవకుమార్ అంకుల్ మెటిక్యులస్."

"హా, సచ్ బాత్!" అని అతని భార్యే వెనకనుంచి అంది. "ఇంట్లో కూడా అంతే, బీరువా తాళం నాలుగుసార్లు లాగుతారు!"

నవ్వులు ఆగేలోపు నేను బల్ల మీదున్న అరటి గెల ఎత్తాను. అది దేవకుమార్ తెచ్చిందే. ఇలాంటి సందు మళ్ళీ దొరకదు. "దేవుబాబూ, లేచావు కదా, నీ గెల కథ నువ్వే చెప్పు. నా గొంతు ఆరిపోయింది."

అతను కాస్త సిగ్గుపడ్డాడు. కానీ గెలని చూడగానే మొహం వెలిగిపోయింది. "వండూర్‌లో మా తోటలో వేశానండి. ఎంత పనున్నా పొద్దున్నే వెళ్ళి నీళ్ళు పోసేది నేనే. ఈ పండు తియ్యదనం చెప్తే నమ్మరు. ఏదేను తోటలో కూడా ఇలాంటిది పండి ఉండదు!"

నేను ఏంజెలీనా వైపు తిరిగాను. "మాట?"

అందరికీ తెలుసు, ఆ పిల్ల ఇప్పుడు ఎవరి మాట మీద మాట పెట్టాలో. తాళం ఎవరి జేబులో ఉందో కూడా తెలుసు. ఆమె దగ్గర అబద్ధాలకోరుని తిట్టే మాటలు బోలెడున్నాయి, నేనే పోగు చేయించాను. వాటిలో ఒకటి జారితే అంతే. వెరీ నైస్ అనేసి తప్పించుకోవచ్చు. అలా తప్పించుకున్నా అంతే. లవీనా గుంజ వదిలేసి ఒక అడుగు ముందుకేసింది, ఆగిపోయింది. నోరు విప్పలేదు. అక్కడ నేనైతే విప్పేవాణ్ణి.

ఏంజెలీనా గెలని చూసింది. దేవకుమార్ చేతుల్ని చూసింది.

"హైపర్బొలీ," అంది.

దేవకుమార్ మొహం మారింది. "అంటే? నేను అబద్ధం చెప్పాననా?"

"కాదంకుల్. ఫ్యాబ్రికేషన్ అనాలంటే అసలు గెలే ఉండకూడదు. డిసెప్షన్ అనాలంటే మీకు మమ్మల్ని మోసం చేద్దామని ఉండాలి. అవేం లేవు. గెల ఉంది, మీరు నీళ్ళు పోశారు, పండు నిజంగానే తియ్యగుంటుంది. ఇష్టం ఎక్కువై నిజం పెద్దదైపోయింది. దాన్ని హైపర్బొలీ అంటారు."

గోపీచంద్ బల్ల మీదకి చెయ్యి చాపాడు. గెలలోంచి ఒక పండు తుంచి, ఒలిచి, సగం నోట్లో పెట్టుకుని ప్రకటించాడు. "అంకుల్ తక్కువే చెప్పారు! అండర్‌స్టేట్‌మెంట్! అంటే ఉన్నదానికంటే తగ్గించి చెప్పడం."

"నువ్వు చెప్పిందాన్ని ఫ్లాటరీ అంటారు," అంది ఏంజెలీనా వెంటనే. "అంటే మస్కా!"

షామియానా ఎగిరిపోయేంత నవ్వు. అందరికంటే ఆఖరున మొదలుపెట్టి, అందరికంటే ఆఖరున ఆపింది దేవకుమార్. నవ్వాడా, కళ్ళు తుడుచుకున్నాడా, రెండూనా, నేను చెబితే మీరు నమ్మరు. పక్కన సుమ నా చొక్కా లాగింది. "తాతా, పుంజు ఇంకా అమ్ముడుపోలేదు, మళ్ళీ చెప్పనా?" అంది. మళ్ళీ చెప్పింది, కళ్ళు తెరిచి. వాళ్ళ పక్కింటాయన చర్చి పాటలు పాడేటప్పుడు వొసిఫెరస్ అంది. ఆ పక్కింటాయనే పుంజుని పాడుకున్నాడు, దాని నోరైనా మూయిద్దామని.

అరటి గెల వేలంలో మాత్రం కొంచెం చిక్కొచ్చింది. ఎవరు పాడినా దేవకుమార్ ఆగలేకపోయాడు, పైన పాడాడు. తన గెలని తనే కొనుక్కుని, అక్కడికక్కడే పిల్లలందరికీ పంచేశాడు.

జనం భోజనాలకి లేస్తుంటే కమిటీ వాళ్ళ ముందే జేబులోంచి తాళం చెవి తీసి లవీనా చేతిలో పెట్టాడు. "సెంటర్ వాళ్ళకి నేను చెప్పుకుంటాను. వేసేటప్పుడు రెండుసార్లు లాగి చూడమ్మా." కొంచెం ఆగి, "ఆ మాట ఇంకోసారి చెప్పు, రాసుకుంటాను. ఇష్టం ఎక్కువై... ఏదో అంది ఆ పిల్ల," అన్నాడు.

లవీనా చెప్పింది. చెబుతూ నావైపు చూసింది. పొగిడితే పొంగిపోయేవాణ్ణి, ఆమె పొగడలేదు. వెళ్ళి ఏంజెలీనా భుజం మీద చెయ్యి వేసి నిలబడింది. నేను ఆ ఇద్దరినీ చూస్తూ వేలం సామాను సర్దడం మరిచిపోయాను. ఇన్నాళ్ళూ నా కథలకి జనం నవ్వితే చాలనుకున్నాను. వాటి మీద నిలబడి ఒక పిల్ల అంత పెద్దమనిషి కళ్ళలోకి చూసి, సరిగ్గా ఎంతుందో అంతే మాట్లాడింది. తూకం నేర్పింది లవీనా. నేను సరుకు పోశాను, అంతే.

ఇప్పుడు హాల్లో క్లాసు రోజూ జరుగుతోంది. పిల్లలు పెరిగారు, కొత్తవాళ్ళు వచ్చారు, దేవకుమార్ కూతురు కూడా వస్తోంది. కొత్తవాళ్ళకి నేను ఆ తాళం చెవి కథే ముందు చెబుతాను. అది ఎంత బరువంటే, దేవకుమార్ జేబులోంచి బయటికి తీయడానికి జెట్టీ నుంచి క్రేన్ తెప్పించాల్సి వచ్చింది, అది లవీనా చేతిలో పడ్డప్పుడు దీవి మొత్తం ఒక పక్కకి ఒరిగింది అంటాను.

"హైపర్బొలీ తాతా!" అంటుంది ఏంజెలీనా వెనక బెంచీలోంచి.

"పాత మాట," అంటాను. "కొత్తది తే."